తలకెంత కూలి

పొఖారాలో బస్సు దిగగానే యశోద కళ్ళు టీ కొట్టు కోసం వెతికాయి. యాత్ర వంటవాళ్ళ ఉప్మాకీ పులిహోరకీ వంక పెట్టడానికి లేదు కాని, వాళ్ళ టీ మాత్రం గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంటుంది. భర్త వీరయ్య గది తాళాల కోసం వెళ్ళాడు. ఆమె పున్నమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, రేకుల కొట్టు ముందున్న బల్ల మీద కూర్చోబెట్టింది. పున్నమ్మ మోకాళ్ళు సరిగా వంగవు. రెండు చేతులూ బల్లకు ఆనించి, కాళ్ళు ముందుకు చాపి, ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా కూలబడుతుంది. ఆ తర్వాత ఏదో గెలిచినట్టు నవ్వుతుంది.

గురజాల దగ్గర వాళ్ళిద్దరిదీ ఒకే ఊరు, ఒకే వీధి. వీరయ్య చేలో మిరపకోతకు వచ్చే ఆడవాళ్ళ ముఠాకు పున్నమ్మే మేస్త్రి. డెబ్బై దాటినా ఈ ఏడు కూడా కోత తనే నడిపింది.

కొట్టు నడిపే ఆమె రెండు గ్లాసులు తెచ్చి పెట్టింది. తాగాక చూసుకుంటే యశోద దగ్గర నేపాలు డబ్బు లేదు, సంచి బస్సులో ఉండిపోయింది. కొంగు ముడిలో మన వంద నోటు ఒక్కటి ఉంది. మొహమాటపడుతూ దాన్నే చాపింది. కొట్టామె నోటును వెలుతురుకు పెట్టి చూసి, గల్లాపెట్టె తెరిచి, టీలకు యాభై పట్టుకుని నూట పది నేపాలీ రూపాయలు తిరిగి ఇచ్చింది.

పొరపాటున ఎక్కువ ఇచ్చిందనుకుని యశోద నోట్లు వెనక్కి చాపింది. ఆమె నవ్వి, ఒక చేతిలో మన వంద నోటు పట్టుకుంది. రెండో చేతిలో తమ నోట్లు మూడు పేర్చింది, ఒక వంద, ఒక యాభై, ఒక పది. రెండు చేతులూ త్రాసు తట్టల్లా సమంగా ఎత్తి చూపించింది. ఇదీ అదీ ఒకటే అని.

"సరిహద్దు కాడ సామి ఎంతిచ్చాడే మనకి?" అంది పున్నమ్మ.

"వందకి నూటపాతిక."

పున్నమ్మ గ్లాసులో మిగిలిన గుక్క తాగి, మూతి తుడుచుకుంది. "కాటాలో తేడా ఉంది."

సామి అంటే రామబ్రహ్మం. నరసరావుపేట మనిషి. ఏటా ముప్పై నలభై మందిని ముక్తినాథుడి దర్శనానికి తీసుకొస్తాడు. భజన మొదలుపెడితే బస్సు డ్రైవరు కూడా గొంతు కలుపుతాడు. బయల్దేరే ముందే అందరికీ చెప్పాడు, "నోట్ల సంగతి మీకెందుకమ్మా, ఏ నోటు తెచ్చుకున్నా నేను మార్చిస్తా" అని. బ్యాంకులో వందలు దొరకక అందరూ ఐదొందల నోట్లే తెచ్చుకున్నారు. ఆ నోటు ఇక్కడి కొట్లలో చెల్లదని సరిహద్దు దాటాకే తెలిసింది.

"సామి మీద అట్టా అనుకోబాక అత్తా. దేవుడి కాడికి తీసకపోయే మనిషి."

"కాటా సంగతి అన్నానే. మనిషినేమీ అన్లా."

పున్నమ్మ రొంటిన దోపుకున్న గుడ్డసంచిని తడుముకుంది. దాంట్లో నాలుగు ఐదొందల నోట్లున్నాయి. జీపులు ఆగే చోటి నుంచి గుడికి చానా దూరం మెట్లూ ఎత్తూ ఉంటాయని, నడవలేని వాళ్ళకు డోలీ ఉందని, దానికి మూడు వేలు నేపాలీ అవుతుందని సామి బస్సులోనే చెప్పాడు. టీ కొట్టామె లెక్కన పున్నమ్మ నాలుగు నోట్లకు డోలీ వస్తుంది, ఇంకా మిగులుతుంది. సామి లెక్కన ఐదు వందలు తక్కువ పడుతుంది.

యశోద ఆ లెక్క వేళ్ళ మీద రెండుసార్లు వేసుకుంది. "తక్కువైంది నేనేస్తాలే అత్తా."

"నువ్వేస్తే నేనెక్కను. కోత కూలితోనే వచ్చి ఆ గుడి కాడ నూట ఎనిమిది నీళ్ళ ధారల కింద తడుస్తానని మొక్కుకున్నా. నీ డబ్బుతో ఎక్కితే తడిసేది నేను, పుణ్యం నీది. నీకంత పుణ్యం కావాలంటే నువ్వో మొక్కు మొక్కుకో పో."

*

హోటల్లో ఫోను పలికింది. కూతురు దీపిక గుంటూరు నుంచి వీడియోలో కనిపించింది. చిలకలూరిపేట మిల్లు ఆఫీసులో రెండేళ్ళు లెక్కలు రాసి, ఇప్పుడు బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. బయల్దేరే ముందే తండ్రి కార్డు విదేశంలో పనిచేసేలా ఫోనులో ఏదో నొక్కి పెట్టింది.

"నాన్నా, డబ్బు తీశారా? కొండ మీద మెషిన్లుంటాయో ఉండవో, పొఖారాలోనే తీయండి. ఇంకోటి, తీసినప్పుడల్లా మెషినుకి చార్జీ పడుద్ది. వెయ్యి తీసినా అంతే, ఇరవై వేలు తీసినా అంతే. అందుకని చిల్లర చిల్లరగా తీయబాకండి. కావాల్సిందంతా ఒకేసారి తీయండి."

యశోదకు వెంటనే వెలిగింది. "అట్టయితే మనమొక్కళ్ళమే ఎందుకు? కావాల్సినోళ్ళందరికీ కలిపి ఒక్కసారి తీస్తే? ఆ చార్జీ అందరం పంచుకోవచ్చు. వాళ్ళ ఐదొందల నోట్లు మనం తీసుకుని ఇంటికి పట్టుకుపోదాం. పున్నమ్మత్త మొక్కూ చెడదు. ఆమె డబ్బు ఆమె మార్చుకున్నట్టే."

"అమ్మా, నువ్వు బ్యాంకు పరీక్ష రాయి, నేను వంట చేస్తా," అంది దీపిక.

వీరయ్యకూ నచ్చింది. చెప్పులు వేసుకున్నాడు. కార్డు జేబులో ఉందో లేదో తట్టి చూసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఇయ్యాల ఏం వారం?"

"శుక్రవారం."

చెప్పులు విప్పేశాడు. "శుక్రవారం పూట లక్ష్మిని బయటికి లాగుతామా? మా నాయన శుక్రవారం ఎద్దును కూడా అమ్మలా."

"మన డబ్బు మనం తీసుకునేదేగా. ఎవరికో ఇచ్చేదా?"

"బ్యాంకులోంచి బయటికొస్తదా రాదా?"

"మరి ఇందాక టీకి నేనిచ్చిన నోటో?"

"అది ఖర్చు. ఇది తీయటం. రేపు శనివారం. పొద్దున్నే తీస్తాగా, ఏందే తొందర?"

శుక్రవారం దీపం పెట్టాక పక్కింటికి ఉప్పు కూడా ఇవ్వని మనిషి యశోద. ఏ మొహంతో వాదిస్తుంది? సరిహద్దు దాటాక కూడా లక్ష్మి వారాలు చూస్తుందా అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే రెండు చెంపలూ తాకి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు ఇంకా మసక విడవకముందే జీపులు వచ్చి హారన్లు కొట్టాయి. దారిలో కొండచరియలు విరుగుతున్నాయట, త్వరగా దాటాలట. డబ్బు మెషిను ఊరికి అటు చివర సరస్సు దగ్గర ఉంది. వీరయ్య డ్రైవరును చేతులతో బతిమాలాడు. డ్రైవరు గడియారం చూపించాడు. మూటలు పైకెక్కాయి, జీపు కదిలింది. వీరయ్య దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. యశోద ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

*

డ్రైవరు అన్నంతా జరిగింది. తాతోపాని దాటాక కొండ విరిగి దారి మూసుకుపోయింది. వెనక్కి వచ్చి ఆ ఊళ్ళోనే ఒక రాత్రి ఉండాల్సి వచ్చింది. ఆ రాత్రి యశోద రామబ్రహ్మాన్ని కొత్తగా చూసింది. ఆయన వానలో తడుస్తూ నాలుగు లాడ్జీలు తిరిగి గదులు సంపాదించాడు. ముసలివాళ్ళ సామాను తన భుజాన మోశాడు. అదనపు రాత్రికి ఒక్కరినీ పైసా అడగలేదు. దగ్గుతున్న ఎడ్లపాడు పెద్దాయనకు తన రగ్గు కప్పి, తను పట్టుపంచె చుట్టుకుని మూలన ముడుచుకున్నాడు.

ఇంత చేసే మనిషి మారకంలో ఎందుకు కోస్తాడు? అది తప్పే అయితే ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఇది నిజమైతే అది తప్పెలా అవుతుంది? యశోద జపమాల తిప్పుతూ కూర్చుంది కాని, వేళ్ళు ఒక పూస దగ్గరే ఆగిపోతున్నాయి.

ఆదివారం జోమ్‌సోమ్ చేరారు. మనిషిని తోసేసేంత గాలి. బండి ఆగగానే వీరయ్య ఎవరికీ చెప్పకుండా డబ్బు మెషినును వెతుక్కుంటూ వెళ్ళాడు. కొంతసేపటికి జుట్టంతా దుమ్ముతో, కార్డు ఇంకా చేతిలోనే పట్టుకుని తిరిగొచ్చాడు.

"మెషినుంది. కరెంటు లేదంట. రేపో ఎల్లుండో అంట." గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నన్ను తిట్టవే."

"తిడితే కరెంటొస్తదా?" అంది యశోద.

ఆ పూటే ఆమె ఇంకో ప్రయత్నం చేసింది. తన దగ్గరున్న నేపాలు నోట్లు తీసి పున్నమ్మ ముందు పెట్టింది. "ఇవి తీసుకుని నీ నోట్లు నాకివ్వు అత్తా. వందకి నూట అరవై లెక్కన."

పున్నమ్మ ఆ నోట్ల వంక చూడను కూడా లేదు. "నువ్వు నూటపాతికకి కొన్నది నాకు నూట అరవైకి ఇస్తే దాన్నేమంటారే? దానమనరూ?"

సాయంత్రం భజనకు ముందు రామబ్రహ్మం ఎప్పటిలాగే మందుల సంచితో గది గదికీ వచ్చాడు. పున్నమ్మ మంచం ముందు నేల మీద కూర్చుని, ఆమె మోకాలికి నొప్పి మందు రాసి, సాగే గుడ్డతో కట్టు కట్టడం మొదలుపెట్టాడు. యశోద గుమ్మం దగ్గర దీపానికి వత్తులు చేస్తోంది.

"సామీ, నాకాడ ఐదొందల నోట్లు నాలుగున్నయ్. ఎంతిస్తావు?"

"అందరికీ ఇచ్చినట్టేనమ్మా. నూటపాతిక."

"పొఖారాలో టీ కొట్టామె నూట అరవై ఇచ్చింది."

కట్టు చుడుతున్న చెయ్యి ఆగింది. యశోద చేతిలో వత్తి తెగింది.

"అది వంద నోటుకమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండా. "ఐదొందల నోటు ఇక్కడ చెల్లదు. నేను మళ్ళీ సరిహద్దు దాటించుకోవాల."

"అవును, తిప్పలే. ఆ తిప్పలకి ఎంత?"

"జీపులోళ్ళకి బక్షీసులు, మందులు. మొన్న తాతోపానిలో అంతమందికి గదులు ఎట్టా వచ్చినయ్ అనుకున్నావు? దాంట్లోంచే. మిగిల్తేనే నాకు."

"గదులకి నువ్వే ఇచ్చావు. ఎడ్లపాడాయనకి నీ రగ్గు కప్పావు, అదీ చూశా. అందుకే నిన్నడుగుతున్నా. దొంగనైతే అడుగుతామా నాయనా? దొంగకి కనపడకుండా దాచుకుంటాం."

రామబ్రహ్మం సగం చుట్టిన కట్టు వదులైపోకుండా బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.

"మా ముఠా కోతకి పోతే రైతు డబ్బంతా నా చేతిలోనే పోస్తాడు. ఇదుగో, ఈమె మొగుడు వీరయ్యే పోస్తాడు. నేను గట్టు మీద కొంగు పరిచి, అందరి ముందూ దాని మీద పోసి, ఎవరిది వాళ్ళకిస్తా. ఇచ్చినాక అడుగుతా, నా మేస్త్రి కూలి తలకి పది అని. ఇన్నేళ్ళలో ఇయ్యనన్న ఆడది లేదు. అదే ముందుగా పది కోసుకుని ఇచ్చాననుకో, అప్పుడూ పదే, ఇప్పుడూ పదే. కానీ మర్నాడు ఒక్కతి రాదు." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "నీ కూలి నువ్వు అడుగు నాయనా. అడిగితే మేమియ్యమా?"

పున్నమ్మ గుడ్డసంచి విప్పింది. మంచం మీద కొంగు పరిచి, నాలుగు నోట్లూ ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. చెమటకు మెత్తబడి ఉన్నాయి.

రామబ్రహ్మం కట్టు పూర్తి చేశాడు. చివర కొక్కెం గుచ్చాడు. లేచి వెళ్ళాడు. వెళ్ళినవాడు వస్తాడా రాడా అని యశోద వత్తులు వదిలేసి గుమ్మం వైపే చూస్తూ ఉంది. ఆయన వచ్చాడు. నేపాలు నోట్లు కొంగు మీద పరిచాడు. నూట అరవై లెక్కన, పూర్తిగా.

పున్నమ్మ డోలీకి కావలసింది ముడేసుకుంది. మిగిలిన రెండు నోట్లలో ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇది నీ కూలి. ఇదేమీ దానం కాదు."

ఆయన ఆ నోటు వంక చాలాసేపు చూశాడు. తిరిగి ఇచ్చేస్తాడేమోనని యశోద భయపడింది. ఇచ్చేస్తే ఇంత మాటా వృథా. ఆయన నోటును కళ్ళకు అద్దుకుని, జేబులో పెట్టుకుని, మందుల సంచి తీసుకుని పక్క గదిలోకి వెళ్ళాడు.

ఆ సాయంత్రం భజనలో ఆయన గొంతు ఒక చరణం దగ్గర ఆగింది. మిగతావాళ్ళు అందుకుని పాడారు.

*

సోమవారం జీపులు ఆగిన చోట డోలీలవాళ్ళు కాచుకుని ఉన్నారు. వాళ్ళకు ముందు నల్ల కోటు వేసుకున్న మనిషి ఒకడు నిలబడ్డాడు. బేరం అతనిదే. పున్నమ్మను చూడగానే డోలీని తెప్పించి, మూడు వేలకు చెయ్యి చాపాడు. మోసే నలుగురూ వెనకాల గోడకు చేరగిలబడి, తమకేమీ సంబంధం లేనట్టు చూస్తున్నారు. వాళ్ళలో ఒకతనికి తల నెరిసిపోయింది.

పున్నమ్మ ముడి విప్పింది. డబ్బు ఆమె చేతిలోంచి అతని చేతిలోకి వెళ్ళబోతుంటే రామబ్రహ్మం మధ్యలోకి వచ్చాడు. హిందీలో ఏదో అడిగాడు. కోటు మనిషి నవ్వి, భుజం ఎగరేశాడు. రామబ్రహ్మం మళ్ళీ అడిగాడు. ఈసారి అతని మొహంలో నవ్వు పోయింది.

"ఏందంట?" అంది పున్నమ్మ.

"వీళ్ళకి ఎంతిస్తావని అడిగానమ్మా. అది మా లోపలి సంగతి అంటున్నాడు."

"నువ్వేమన్నావు?"

"డబ్బు ఈమెది, లెక్క ఈమె ముందు కావాలన్నా."

రామబ్రహ్మం భుజం మీది కండువా తీశాడు. పక్కనున్న రాతి మెట్టు మీద పరిచి, నాలుగు మూలలా గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టాడు. పున్నమ్మ చేతిలో డబ్బు తీసుకుని దాని మీద పెట్టాడు. గోడ దగ్గర నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నెమ్మదిగా దగ్గరికి వచ్చారు. కోటు మనిషి కాసేపు గొణిగాడు. చుట్టూ యాత్రికులు చేరారు. చివరికి తన వాటా ఎంతో నోటితో చెప్పాడు. రామబ్రహ్మం అది తీసి అతనికిచ్చి, మిగిలింది నలుగురికీ సమంగా పంచాడు. తల నెరిసినతను తన నోట్లు మడిచి టోపీలో పెట్టుకుంటూ పున్నమ్మ వైపు చూసి ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?"

"నువ్వు బరువు లేవంట. ఊదితే పైకి పోతావంట."

పున్నమ్మ పకపకా నవ్వింది. డోలీలో కూర్చుని, రెండు చేతులతో కర్రలు పట్టుకుంది. వాళ్ళు లేపారు. యశోద పక్కన నడుస్తుంటే వంగి చెవిలో అంది, "చూశావటే, సామి కండువా ఎట్టా పరిచాడో. అందరికీ ముందే కనపడేట్టు. చెయ్యి తిరిగిన మేస్త్రిలాగా."

గుడి దగ్గర దించాక ఆమె ఇంకొకరి చెయ్యి పట్టుకోలేదు. వరసగా పేర్చిన ఆవు తలల నోళ్ళలోంచి మంచునీళ్ళు దూకుతున్నాయి. గోడకు ఒక చెయ్యి ఆనించి, ఒక్కో అడుగూ వేస్తూ, ఒక్కో ధార కింద తల వంచుతూ నడిచింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పెదాలు నీలంగా మారాయి. మధ్యలో ఆగిపోతే యశోద ముందుకు ఉరకబోయింది. పున్నమ్మ చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ కదిలింది.

యశోద కూడా తడిసింది. దేవుడి ముందు నిలబడ్డాక ఇంటి దగ్గర నుంచి మోసుకొచ్చిన కోరికలు ఒక్కటీ గుర్తు రాలేదు. అడగాల్సింది సూటిగా అడిగే నోరు ఇయ్యి స్వామీ, అడిగేటప్పుడు కసిరే గొంతు మాత్రం ఇయ్యబాక, అని మాత్రం అనుకుంది. పక్కన రామబ్రహ్మం కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన ఏం అడిగాడో ఆమెకు తెలియదు.

పున్నమ్మ దగ్గర మిగిలిన చివరి నోటు హుండీలో పడింది. దిగేటప్పుడు డోలీ వద్దంది. పైకి ఎక్కడానికే మొక్కు గాని దిగడానికి కాదట. యశోద భుజం పట్టుకుని, ఆగుతూ, కూర్చుంటూ, మధ్యాహ్నానికి జీపుల దగ్గరికి చేరింది.

అందరూ ఎక్కాక రామబ్రహ్మం జీపు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు పొఖారాలో ఆగుతాం. షాపింగులకి అందరికీ డబ్బు కావాల. వీరయ్య గారి కార్డు ఇక్కడ పనిచేస్తదంట. కావాల్సినోళ్ళందరికీ ఒకేసారి తీస్తే చార్జీ తలా కొంచెం పడుద్ది. మీ ఐదొందల నోట్లు ఆయనకివ్వండి. నా మారకం కన్నా మీకు అదే మేలు." అందరి వైపూ తిరిగాడు. "సరిహద్దు కాడ నేనిచ్చింది తక్కువ. యాత్ర ఖర్చులకని పట్టా. చెప్పి పట్టాల్సింది."

"ఇప్పుడు చెప్పావుగా సామీ," అన్నాడు ఎడ్లపాడు పెద్దాయన, ఇంకా ఆయన రగ్గులోనే ముడుచుకుని ఉండి.

వీరయ్య జేబులో కార్డు తట్టుకున్నాడు. ఏదో గుర్తొచ్చి ఆ చెయ్యి అక్కడే ఆగింది. "రేపు..." అన్నాడు.

"మంగళవారం," అంది యశోద, ఆయన కళ్ళలోకే చూస్తూ.

వీరయ్య ఒకసారి కొండ వైపు చూశాడు, ఒకసారి భార్య వైపు చూశాడు. "మెషినుకి వారాలేందిలే," అన్నాడు. "అందరికీ తీస్తా."

వెనక సీటులో, తడి చీర మీద రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చున్న పున్నమ్మ తల బయటికి పెట్టింది.

"ఏరా వీరయ్యా, తలకెంత కూలి తీసుకుంటావో ముందే చెప్పు."